గెత్తం పురుగును మూడు వారాలు బతికించడం: గాలం ఎర డైరీ

ఈ డైరీ జూన్ 9 నుంచి అక్టోబరు 6 వరకు. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. గాలానికి మా వైపు అందరూ ఎర్రలే, అంటే వానపాములే గుచ్చుతారు. వాటిని పరిగెలు, చిన్న చేపలు పీక్కుని పోతాయి, పెద్దదాని నోటి దాకా ఎర మిగలదు. గెత్తంలో, అంటే మాగిన పశువుల పేడ ఎరువులో, దొరికే తెల్ల పురుగు తోలు గట్టిది, గాలం మీద నిలుస్తుంది. దాన్ని వెతికి తీయడం ఒక పూట పని. బతికించి దాచుకోవడం దగ్గరే నాకు రెండు నెలలు పోయాయి. చేయాలనుకునేవాళ్లు నా లెక్కలు చూసుకుని మొదలుపెడితే అన్ని పురుగులు దండగ కావు.

దశ 1: ఎక్కడ దొరుకుతాయి (జూన్ 9)

దుక్కికి ముందు గెత్తం పొలానికి తోలే రోజులు. మా పెరట్లో ఒకటి, పెదనాన్న వాళ్ల కళ్లంలో రెండు, మొత్తం మూడు కుప్పలు తవ్వి చూశాను. థర్మామీటరు ఒక అడుగు లోతుకు గుచ్చి వేడి కూడా రాసుకున్నాను.

- రెండు నెలల కుప్ప: 52 డిగ్రీలు. చెయ్యి పెట్టలేం. పురుగు ఒక్కటీ లేదు.
- ఆరు నెలల కుప్ప: 36 డిగ్రీలు. 11 దొరికాయి, అన్నీ చిన్నవి.
- ఏడాది దాటిన కుప్ప, కానుగ చెట్టు నీడలో: 31 డిగ్రీలు. 53 దొరికాయి.

పాత కుప్పలో కూడా అన్నిచోట్లా ఉండవు. పైన జానెడు మందం ఎండి పొడిగా ఉంటుంది, అందులో ఏమీ లేవు. అడుగున నీరు దిగి కంపు కొట్టే చోట కూడా లేవు. మధ్యలో, పేడ వాసన పోయి మట్టి వాసన వచ్చే పొరలో, టీ పొడిలా రాలే గెత్తంలో ఉన్నాయి. నల్ల మిరియాల్లాంటి రెట్ట గింజలు గుట్టగా కనబడితే అక్కడ నెమ్మదిగా తవ్వాలి, పురుగు బెత్తెడు దూరంలోనే ఉంటుంది.

పారతో తవ్వాను, అది తప్పు. నాలుగు పురుగులు తెగిపోయాయి. తర్వాత నాలుగు పళ్ల ఫోర్కుకు మారాను. అడుగున గుచ్చి పైకి లేపితే గెత్తం పళ్ల మధ్య నుంచి రాలిపోతుంది, పురుగు నిలుస్తుంది.

చేతులు పెట్టే ముందు ఫోర్కుతో కుప్పను కదపడం మర్చిపోవద్దు. ఆ రోజే రెండు జెర్రులు, ఒక తేలు బయటికొచ్చాయి. రబ్బరు గ్లవుజులు వేసుకోండి. చేతి మీద గాయం ఉంటే గెత్తం ముట్టుకోవద్దు. ధనుర్వాతం క్రిములు పశువుల పేడలో ఉంటాయి, దాని టీకా వేయించుకుని చాలా కాలమైతే ముందు ఆ పని చూసుకోవాలి.

ట్రాక్టరు కదలగానే గోరింకలు, కాకులు, కొంగలు వెనకే వచ్చేశాయి. లోడు ఎత్తాక కిందపడ్డ పురుగులు మనకు మిగలవు, అందుకే ముందు రోజు సాయంత్రమే తీసుకోవాలి.

లెక్క: తీసినవి 64. తెగినవి 4. చేతిలో 60. ఖర్చు 0.

దశ 2: పెయింటు బకెట్టు (జూన్ 9 నుంచి 14)

20 లీటర్ల ఖాళీ పెయింటు బకెట్టు కడిగి, మూతకు మేకుతో పది చిల్లులు పెట్టి, సగం గెత్తం పోసి 60 పురుగులూ వేశాను. తిండి సరిపోదేమోనని పైన పచ్చి పేడ రెండు దోసిళ్లు కలిపాను. చేసిన తప్పుల్లో ఇదే పెద్దది.

మూడో రోజుకు బకెట్టు మధ్యలో 39 డిగ్రీలు. మూత తీస్తే కళ్లు మండే ఘాటు. పురుగులన్నీ పైకి వచ్చి అంచు చుట్టూ మూగాయి, లోపల ఒక్కటీ లేదు. ఐదో రోజు కుమ్మరిస్తే బతికినవి ఏడు.

చచ్చినవాటిని కడిగి తెల్ల పళ్లెంలో పరిచి చూశాను. 53లో 30కి పైగా ఒంటి మీద గోధుమ, నలుపు మచ్చలున్నాయి. కొన్ని ఆవగింజంత, కొన్ని పెసరగింజంత. జబ్బు అనుకున్నాను. పెదనాన్న వచ్చి ఒకదాన్ని వేలితో తిప్పి చూశాడు.

"రోగం కాదురా నాయనా, కాట్లు. ఒక్క సోట కుక్కితే ఒకదాన్నొకటి కరుసుకుంటాయి. తల సూడు, ఎంత గట్టిగున్నాదో."

తల నిజంగానే గట్టిది. ఇటుక రంగులో మెరుస్తూ, గోరుతో నొక్కినా లొంగలేదు. దాని కింద కత్తెర లాంటి రెండు దవడలు. ఒంటి తోలేమో గాలం మీద నిలిచేంత గట్టిదే అయినా, లోపలి నల్ల పేగు బయటికి కనిపించేంత పలచన. పక్కదాని దవడ తగిలితే చాలు, ఆ చోట గాయం నల్లబడుతుంది. వేడికీ ఘాటుకూ అన్నీ ఒకే చోటికి తోసుకొచ్చి ఉంటాయి, కాట్లు అక్కడే పడ్డాయి.

లెక్క: తీసినవి 64. పోయినవి 57. బతికినవి 7.

దశ 3: విడివిడిగా (జూన్ 20 నుంచి జూలై 2)

మళ్లీ తవ్వాను. 50 దొరికాయి, ఫోర్కుతో ఒక్కటే తెగింది. పాత ఏడుతో కలిపి 56.

ఈసారి ఒక్కోదానికి ఒక్కో గది ఉండాలని నారు పెంచే ప్రోట్రే తెచ్చాను, 98 గుంటలది. సగం గుంటల్లో ఒట్టి కొబ్బరి పొట్టు, సగం గుంటల్లో పొట్టూ గెత్తమూ సమపాళ్లలో. 25 పురుగులు ఇందులో, 25 అందులో. మిగిలిన ఆరు చిల్లుల డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచాను. అమ్మ ఒప్పుకోలేదు, రెండు రోజులకని బతిమాలాను.

ఫ్రిజ్ సంగతి ముందే చెప్పేస్తాను. రెండు రోజులకు ఆరూ కట్టెల్లా బిగిశాయి. బయట పెట్టాక రెండు కదిలాయి, నాలుగు కదల్లేదు. మన ఎండల్లో పుట్టిన పురుగు అంత చలికి తట్టుకోలేదు. ఇక ఆ దారి వదిలేశాను.

ట్రేలో మొదటి రాత్రే సమస్య. ప్రతి గుంట అడుగునా నీరు పోవడానికి చిటికెనవేలు పట్టేంత చిల్లు ఉంది. తెల్లారేసరికి ఎనిమిది పురుగులు అందులోంచి దిగిపోయాయి. ఐదింటిని గచ్చు మీద చీమలు లాక్కెళ్తుంటే చూశాను, మూడు దొరకనే లేదు. ట్రే కింద రేకు పెట్టి ఇటుకలతో బిగించాక ఆగాయి.

ఇక్కడే ఒకటి గమనించాను. తప్పించుకున్నవి వెతుకుతూ, బతికినవి కొన్ని గచ్చు మీద వదిలి నడక చూశాను. పెద్దవి పక్కకు ఒరిగి, కొడవలిలా వంగి, ఉన్నచోటే తిరుగుతున్నాయి. చిన్నవాటిలో కొన్ని వెల్లకిలా పడుకుని, ఆరు కాళ్లూ ఆకాశానికి పెట్టి, వీపు మీద ముడతలు అలల్లా కదిలిస్తూ తిన్నగా పాకిపోయాయి. బోర్లా తిప్పితే మళ్లీ వెల్లకిలా పడి అలాగే వెళ్లాయి. అంటే మన కుప్పలో రెండు జాతులున్నాయి. పక్కకు ఒరిగేది కొబ్బరిని పాడుచేసే కొమ్ము పురుగు పిల్ల, బొటనవేలంత లావు అవుతుంది. వీపు మీద పాకేది పువ్వులు, పళ్లు తినే పెంకుపురుగు పిల్ల, దానికంటే చాలా చిన్నది, తోలు మందం, ఒంటి మీద నూగు. గాలానికి సరిపడే కొలత రెండోదే.

12 రోజులకు:

- ఒట్టి కొబ్బరి పొట్టు: తప్పించుకున్నవి 5, చచ్చినవి 6, బతికినవి 14. పది పురుగుల బరువు 22 గ్రాముల నుంచి 17కు పడింది.
- పొట్టు, గెత్తం కలిపినది: తప్పించుకున్నవి 3, చచ్చినవి 2, బతికినవి 20. పది పురుగుల బరువు 22 నుంచి 21.

కొబ్బరి పొట్టు తేమ పట్టి ఉంచుతుంది గానీ కడుపు నింపదు. బక్కచిక్కిన పురుగు గాలానికి గుచ్చగానే తోలు మిగులుతుంది. గెత్తం కలపక తప్పదు.

లెక్క: తీసినవి 114. పోయినవి 78. బతికినవి 36. ఖర్చు: ప్రోట్రే 30, కొబ్బరి పొట్టు 60, థర్మామీటరు 180. మొత్తం 270 రూపాయలు.

దశ 4: ఉద్దానం సంచి (జూలై 5 నుంచి 19)

ఈ దశ గురించి ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో నా పురుగులన్నీ పోయాయి.

ఉద్దానంలో కవిటి దగ్గర ఉండే చిన్నమావయ్య జూలై 5న మా ఇంటికి వస్తూ ఒక గోనెసంచిలో వాళ్ల కొబ్బరితోట గెత్తం, అందులో 30 పెద్ద పురుగులు తెచ్చాడు. ఎర కోసం వెతుకుతున్నానని అమ్మ ఫోన్‌లో చెప్పిందట. ఆ గెత్తం నల్లగా, పొడిగా, ఎంతో బాగుంది. నా ట్రే గుంటల్లో గెత్తం తగ్గింది కదా అని అదే పైన పోసి నింపాను. పెద్ద పురుగుల్ని వేరే తొట్టిలో వేశాను.

14న తొట్టిలో మూడు కదల్లేదు. అప్పటిదాకా నేను చూసిన చావు వేరు. మామూలుగా చచ్చిన పురుగు నల్లబడి, మెత్తబడి, కుళ్లి నీరవుతుంది. ఇవి గట్టిపడ్డాయి. తీసి పళ్లెంలో వేస్తే సుద్దముక్క పడ్డ చప్పుడు. వాసన లేదు. మర్నాటికి ముడతల మధ్య నుంచి తెల్ల నూగు పైకొచ్చింది, బియ్యప్పిండి చల్లినట్టు. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో ఆ తెలుపు మీద ఆకుపచ్చ దిగింది, పాత రాగి చెంబుకు పట్టే చిలుములాంటి పచ్చ. ముట్టుకుంటే వేలికి పొడి అంటుకుంది.

అప్పటికి ట్రేలోనూ మొదలైంది. 19 నాటికి 66లో 51 అలాగే పోయాయి.

ఫొటో తీసి మావయ్యకు పంపితే వెంటనే ఫోన్ చేశాడు. అది వాళ్లు డబ్బులిచ్చి తెచ్చి గెత్తంలో కలిపిన మెటారైజియం అనే శిలీంధ్రం. కొమ్ము పురుగు పిల్లలు గెత్తం గుంతల్లోనూ, కుళ్లిన కొబ్బరి దుంగల్లోనూ పెరుగుతాయి. పెద్దయ్యాక ఎగిరొచ్చి కొబ్బరి మొవ్వును తొలిచేస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కూలిన చెట్లు చాలా తోటల్లో అలాగే పడి కుళ్లాయని, ఆ పురుగు బాధ తనకు అప్పటినుంచే ఎక్కువైందని మావయ్య చెప్పాడు. దాన్ని పిల్లదశలో చంపడానికే ఈ శిలీంధ్రం. నేను దాన్నే తెచ్చి నా పురుగుల నెత్తిన పోశాను.

"అల్లుడూ, సచ్చినవి పారెయ్యకు. సంచిలో కట్టి ఉంచు, నేనొచ్చి అట్టుకెల్తాను. గెత్తంలో నలిపి కలిపితే మరింత పన్జేస్తాది."

51 చచ్చినవీ, మిగిలిన 15 బతికినవీ సంచిలో కట్టి ఆయనకే ఇచ్చాను. ఆ 15లో 11 వీపు మీద పాకేవే. ఉంచుకోవాలని మనసు లాగింది. కానీ వాటి ఒంటి మీద ఆ పొడి ఉంటే మళ్లీ అదే కథ.

అదే సమయంలో సీతంపేట వైపు నుంచి వచ్చే స్నేహితుడు ఈత మొవ్వులో దొరికే బొడ్డెంగులు అనే పురుగులు తెస్తానన్నాడు. ఏజెన్సీలో వాటిని ఇష్టంగా వండుకు తింటారు. ఒకరు తినే పదార్థాన్ని గాలానికి గుచ్చబుద్ధి కాలేదు, వద్దన్నాను.

దీని తర్వాత పెట్టుకున్న నియమాలు:

1. బయటి ఊరి గెత్తం నా పురుగులకు కలపను. పురుగు ఏ కుప్పలో పుట్టిందో ఆ కుప్ప గెత్తమే దానికి.
2. ఒక పాత్రలో వాడిన గెత్తం ఇంకో పాత్రలో వేయను.
3. తీసే ముందు అడగాలి: ఈ కుప్పలో మందు గానీ, శిలీంధ్రం గానీ కలిపారా?
4. కొమ్ము పురుగు పిల్ల దొరికితే దాచను, తిరిగి కుప్పలో వదలను. కోళ్లకు వేస్తాను. నా ఎర కోసం ఇంకొకరి కొబ్బరిచెట్టు పోకూడదు.

ట్రే పారేశాను. ఫోర్కు, తొట్టె బ్లీచింగ్ నీళ్లతో కడిగి మూడు రోజులు ఎండబెట్టాను.

లెక్క: తీసినవి 144. పోయినవి 144. చేతిలో సున్నా.

దశ 5: కుండలు (ఆగస్టు 10 నుంచి 31)

కానుగ చెట్టు కింద కుప్పలో ఒక మూల తోలకుండా వదిలేయమని పెదనాన్నను జూన్‌లోనే అడిగి పెట్టాను. అక్కడ 52 తీశాను. నాలుగు కొమ్ము పురుగు పిల్లలు, కోళ్లకు పోయాయి. మిగిలిన 48 వీపు మీద పాకేవే. జాతి తెలియడానికి ఒక్కోదాన్నీ పళ్లెంలో వదిలి నడక చూడాలి, పావుగంట పని.

బకెట్టులో వేడి, ఒత్తిడి చంపాయి. ట్రేలో గుంట చిన్నది కావడంతో రెండు రోజులకే ఎండిపోయేది. ఈ రెండూ తప్పించడానికి నోరు వెడల్పుగా ఉన్న మట్టి కుండలు నాలుగు తెచ్చాను, ఒక్కోటి 70 రూపాయలు. మెరుగు పూత లేనివే తీసుకోవాలి, గోడ చెమ్మ పీల్చి బయటికి వదలాలి.

1. అదే కుప్ప గెత్తాన్ని జల్లెడ పట్టి, రాళ్లు, చీమలు, జెర్రి పిల్లలు తీసేయాలి.
2. మూడు పాళ్లు గెత్తం, ఒక పాలు కొబ్బరి పొట్టు. పచ్చి పేడ చిటికెడు కూడా వద్దు.
3. గుప్పిట్లో పట్టి గట్టిగా పిసకాలి. ఉండ కట్టాలి, వేళ్ల మధ్య నీరు రాకూడదు. వేలితో తాకితే ఉండ విడిపోవాలి.
4. కుండలో జానెడు లోతు పోయాలి. నొక్కకూడదు.
5. కుండకు 12 పురుగులు, అంతకు మించి వద్దు. పైన వదిలితే పది నిమిషాల్లో వాటంతట అవే దిగుతాయి. దిగనిది దెబ్బతిన్నది, తీసేయాలి.
6. మూతికి ఇనుప జల్లి. మొదట నూలుగుడ్డ కట్టాను, రెండో రాత్రికే ఒక చోట కొరికి చిల్లు చేశాయి.
7. తడి ఇసుక పోసిన బేసిన్‌లో కుండను సగం దాకా దించి, ఇసుక చుట్టూ నీళ్లు నిలిచేలా గాడి ఉంచాలి. చీమలు దాటవు.

ఉత్తరం వైపు చూరు కింద పెట్టాను. మధ్యాహ్నం బయట 33 ఉంటే కుండలో 29. ముసురు పట్టిన రోజుల్లో ఆ తేడా రెండు డిగ్రీలే, అయినా ఇబ్బంది రాలేదు. రెండు రోజులకోసారి ఇసుకలో చెంబుడు నీళ్లు పోశాను, కుండలో పోయలేదు. గోడ పీల్చుకున్న చెమ్మే సరిపోయింది.

వారానికోసారి మాత్రమే కుమ్మరించి లెక్కపెట్టాను. రోజూ కెలికితే అవి లోపల చేసుకున్న గూళ్లు చెదిరి ఒకదాని మీద ఒకటి పడతాయి.

- 7వ రోజు: 48
- 14వ రోజు: 46
- 21వ రోజు: 45

పోయిన మూడింటిలో రెండింటి ఒంటి మీద కాటు మచ్చ ఉంది, రెండూ ఒకే కుండలోవి. పది పురుగుల బరువు 22 గ్రాముల నుంచి 23కు పెరిగింది. ఆ అంకె చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

లెక్క: తీసినవి 196. పోయినవి 151. బతికినవి 45. ఖర్చు: కుండలు 280, జల్లి 90, పాతది 270. మొత్తం 640 రూపాయలు.

దశ 6: నీటి దగ్గర (సెప్టెంబరు)

మొదటిసారే మోసుకెళ్లడంలో దెబ్బ తిన్నాను. పది పురుగుల్ని స్టీలు టిఫిన్ బాక్సులో గెత్తంతో వేసి బండి డిక్కీలో పెట్టాను. గంట తర్వాత తీస్తే బాక్సులో 41 డిగ్రీలు, ఎనిమిది పోయాయి. ఆ రోజు గాలం వేయకుండా తిరిగొచ్చేశాను.

తర్వాత వెదురు బొంగు వాడాను. ఒక కణుపు అడుగున ఉంచి పైన కోసి, సన్న చిల్లులు పెట్టి, తడి గోనెగుడ్డ చుట్టి హ్యాండిల్‌కు కట్టాను. మూడు గంటల తర్వాత కూడా అన్నీ కదిలాయి.

గుచ్చడం: తల వెనక, వీపు వైపు తోలు కింద గాలం దూర్చి, అర సెంటీమీటరు తర్వాత బయటికి తీయాలి. వెనక మూడో వంతు నల్లగా కనిపించే భాగం పేగు, అక్కడ గుచ్చితే లోపలిదంతా కారిపోయి ఖాళీ సంచి మిగులుతుంది. మొదటి రోజు నాలుగు అలాగే పోగొట్టాను. పైపైన గుచ్చితే నీళ్లలో చాలాసేపు మెలికలు తిరుగుతూనే ఉంటుంది. 6 నంబరు గాలం సరిపోయింది. బెండుకు అడుగు కింద చిన్న సీసం ముక్క.

పక్కనే రెండో కర్రకు ఎర్రలు గుచ్చి పోల్చాను. మూడు పూటల లెక్క:

- ఊరి చెరువు: పురుగులు 11. గొరకలు 4, జెల్లలు 2.
- నాగావళి ఒడ్డు: పురుగులు 9. జెల్లలు 3.
- మళ్లీ చెరువు, తుంగ పక్కన: పురుగులు 11. మార్పు చేపలు 2, కొర్రమీను 1, బరువు 640 గ్రాములు.

పురుగుకు మొత్తం 12 చేపలు. ఎర్రలకు 19 పడ్డాయి గానీ 15 పరిగెలే. బెండు ఎక్కువసార్లు కదలాలంటే ఎర్ర, కూరకు సరిపడేది కావాలంటే పురుగు. జెల్లను గాలం నుంచి తీసేటప్పుడు రెక్కల ముళ్లకు గుడ్డ అడ్డం పెట్టండి, ఆ పోటు సలుపు పూటంతా ఉంటుంది.

రెండు మాటలు. వానల్లో కొర్రమీను పిల్లల్ని కాస్తుంది, నీటి పైన ఎర్రటి పిల్లల గుంపు బుడబుడలాడుతూ కనిపిస్తే అక్కడ గాలం వేయొద్దు. తల్లీతండ్రీ ఎరకు వెంటనే పడతాయి, పిల్లలన్నీ అనాథలవుతాయి. రెండోది నాగావళి. అది ఒడిశా కొండల్లో పుట్టిన ఏరు, మన దగ్గర చినుకు లేకపోయినా పైన వానపడితే నీరు పెరుగుతుంది, తోటపల్లి బ్యారేజీ గేట్లు ఎత్తితే ఇంకా వేగం. ఇసుకతిన్నె మీద కూర్చుని గాలం వేసేవాళ్లు ఒక పుల్ల గుచ్చి నీటి మట్టం చూస్తుండాలి. నీళ్లు ఎర్రబడి చెత్త కొట్టుకొస్తే సామాను సర్దేయాలి.

లెక్క: తీసినవి 196. పోయినవి 159. ఎరగా వాడినవి 31. మిగిలినవి 6.

అక్టోబరు 6

ఆరింటినీ ఒకే కుండలోకి మార్చాను. ఈ రోజు కుమ్మరిస్తే అందులో రెండు కనబడలేదు, బదులుగా రేగుపండంత గట్టి గెత్తం ఉండలు రెండు దొరికాయి. చెవి దగ్గర ఊపితే లోపల ఏదో కదిలిన చప్పుడు. పెంకుపురుగుగా మారడానికి కట్టుకున్న గూళ్లవి. బయటికొస్తే వంగ పూతనో, మామిడి పూతనో తింటుంది, అందుకని రెండూ కోళ్లకు వేశాను. ఎరకు దాచేవాళ్లు నెల దాటాక వారానికి రెండుసార్లు ఈ ఉండల కోసం చూడాలి.

మిగిలిన నాలుగు బాగున్నాయి. గెత్తం మార్చాను, ఇసుకలో నీళ్లు పోశాను. చలికాలంలో కుండను చూరు కింద నుంచి వంటగది గోడ పక్కకు జరపాలి.